చిన్న సూదికి భయపెట్టి పెద్ద కోతకు పంపే మెసేజ్

కుటుంబ నియంత్రణ మీద వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక మెసేజ్ ఈ నెలలో నాకు రావడం ఇది తొమ్మిదోసారి. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ముగ్గురు పెట్టారు. సంఘం గ్రూపులో ఇద్దరు. కాలనీ గ్రూపులో ఒకాయన పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టాడు, మర్చిపోయి ఉంటాడు. ఎనిమిదోది మా షాపుకు సరుకు వేసే కుర్రాడు. తొమ్మిదోది మా చిన్న బావమరిది. వాడు బీఫార్మసీ చదివాడు. నా ఓపిక అక్కడ తెగింది.

చూడనివాళ్ల కోసం సంగతి చెబుతాను. పేరు "మన ఆడబిడ్డలను కాపాడుకుందాం". పక్కన మూడు దండాల బొమ్మలు. కింద ఏడు పాయింట్లు. కడుపు రాకుండా వేసే అంతర సూది వేసుకుంటే జన్మలో పిల్లలు పుట్టరు, ఇది మన జనాభా తగ్గించే కుట్ర. కాపర్ టీ పైకి పాకి గుండెకు చేరుతుంది. ఆపరేషన్ చేయించుకున్న మగాడు బస్తా మోయలేడు. బడిలో ఆడపిల్లలకు ఈ విషయాలు చెబితే చెడిపోతారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన వాళ్లకు తెల్లబట్ట అవుతుంది, అది గర్భసంచి కుళ్లుతోందనడానికి గుర్తు, క్యాన్సర్ కాకముందే తీయించుకోవాలి. మెడికల్ షాపుల్లో గర్భం పోయే గోలీలు పిప్పరమెంటు బిళ్లల్లా అమ్ముతున్నారు. చివరగా, వీటన్నిటికీ బదులు రోజూ మూడు బొప్పాయి గింజలు మింగితే చాలు.

దేవరకొండలో పంతొమ్మిదేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. డాక్టర్ని కాదు, అలా చెప్పుకోను కూడా. కానీ ఈ ఏడు పాయింట్లలో ఆరింటి బాధితులు మా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లే.

బొప్పాయి గింజలతో మొదలుపెట్టి అక్కడే వదిలేస్తాను. గింజలు మింగి నిశ్చింతగా ఉన్నవాళ్లు మూడో నెలలో నా దగ్గరికే వస్తారు, టెస్ట్ కిట్ కోసం.

అంతర సూది. మూడు నెలలకు ఒకటి, సర్కారు దవాఖానలో ఉచితం. ఆపేశాక మళ్లీ కడుపు నిలవడానికి టైం పడుతుంది, ఆఖరి సూది నుంచి లెక్కేస్తే మామూలుగా ఏడు నుంచి పది నెలలు. అత్తగారు రెండో నెలలోనే "ఇక పుట్టరు" అని తేల్చేస్తుంది, ఆ మాట ఊరంతా పాకుతుంది. ఇంకొకటి, సూది వేసుకున్నాక నెలసరి క్రమం తప్పుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. చెడు రక్తం లోపలే గడ్డకడుతుందని భయపడతారు. గడ్డకట్టడానికి లోపల ఏమీ ఉండదు. నెల నెలా ఊడిపోయే పొర ఆ మందు వల్ల పెరగనే పెరగదు, పెరగనిది బయటికి రాదు. వాడినంత కాలం ఎముకల బలం కొంత తగ్గుతుందన్నది నిజమే. ఆపాక చాలావరకు తిరిగి వస్తుంది. ఈ సంగతులు సూది వేసేటప్పుడే కూర్చోబెట్టి చెబితే సగం గోల ఉండదు. చెప్పరు. ఆ తప్పు మాత్రం మెసేజ్ రాసినవాడిది కాదు.

ఇక కుట్ర. జనాభాను బట్టి చేసే నియోజకవర్గాల పునర్విభజనలో మన సీట్లు తగ్గుతాయేమోనని అందరికీ టెన్షన్‌గా ఉన్న సమయం చూసి దీన్ని అతికించారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 1.8. అది 2015-16 నాటి లెక్క. అంతర సూది సర్కారు దవాఖానల్లోకి వచ్చింది 2017లో. అంటే ఈ కుట్రదారులు ముందు జనాభా తగ్గించేసి, ఆ తర్వాత తీరిగ్గా మందు తెచ్చారు. గొప్పవాళ్లే.

కాపర్ టీ గుండెకు చేరదు. గర్భసంచి నుంచి గుండెకు అలాంటి దారి లేదు. ఎప్పుడో వెయ్యిలో ఒకరికి, వేసేటప్పుడే సంచి గోడకు గుచ్చుకుని కడుపులోకి జారవచ్చు. అప్పుడు స్కాన్ తీసి, ఆపరేషన్ చేసి బయటికి తీస్తారు. ఊడి పడిపోవడం దానికంటే ఎక్కువ జరుగుతుంది. అందుకే దారం తగులుతోందో లేదో చూసుకోమంటారు. సరిగ్గా కూర్చుంటే 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు. కాకపోతే కాన్పు కాగానే తమను అడక్కుండానే వేశారని చెప్పిన ఆడవాళ్లు నాకు తెలుసు. ఒకామెకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు. అడక్కుండా వేస్తే మంచి వస్తువు మీద కూడా పుకారు పుడుతుంది, పుట్టాలి కూడా.

మగవాళ్ల ఆపరేషన్ గురించి ఎంత తక్కువ మాట్లాడితే మా మగజాతి పరువు అంత నిలుస్తుంది. కుట్టు లేదు, కోత లేదు, చిన్న రంధ్రం. వీర్యకణాలు వచ్చే గొట్టాలు మాత్రమే మూస్తారు. మగతనానికి సంబంధించిన హార్మోన్ ఆ గొట్టాల్లో పోదు, రక్తంలో పోతుంది. చేయించుకున్నాక మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకుని నిర్ధారించుకోవాలి. ఇది చెప్పకపోతే మధ్యలో కడుపు వస్తుంది, నింద భార్య మీద పడుతుంది. మా షాపు వెనక గోదాములో ఒక హమాలీ ఉన్నాడు, పన్నెండేళ్ల కింద చేయించుకున్నాడు. ఈ మెసేజ్ పంపిన మా బ్యాచ్ వాళ్లందరినీ వరసగా ఎత్తి లారీలో వేయగలడు.

బడిలో చెబితే పిల్లలు చెడిపోతారట. తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి 18 నిండకముందే పెళ్లయిందని 2019-21 సర్వే చెబుతోంది. పదహారేళ్లకు తాళి కట్టడానికి పెద్దదైన పిల్ల, ఒంటి గురించి నాలుగు మాటలు వినడానికి మాత్రం చిన్నదా?

అసలు విషయం అయిదో పాయింటు. మిగతావాటికి నవ్వి ఊరుకునేవాణ్ణి, దీనికి ఊరుకోలేను.

పోయిన పుష్యమాసంలో, రాత్రి ఎనిమిదింటికి, చలికి నేను మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాను. పక్క తండా నుంచి అప్పుడప్పుడు వచ్చే ఒకామె క్యాల్షియం గోలీలు అడిగింది. వయసు ముప్పై ఒకటో రెండో ఉంటుంది. షీటు కత్తిరిస్తుండగా మెట్టు మీద కూలబడి కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. ఆ చలిలో మెడ మీద చెమట.

"ఏమైందమ్మా?"

"ఏం లేదన్నా, ఒళ్లంత సెగలు వస్తుంటయి. కొంచెం సేపు కూసుంటే పోతయి."

"నెలసరి సరిగ్గా వస్తోందా?"

"ఇంకేడ నెలసరి. సంచి తీసి మూడేండ్లాయె."

తెల్లబట్ట అయ్యేది, నడుము గుంజేది. ఊళ్లో ఆర్‌ఎంపీ టౌనుకు స్కాన్‌కు పంపాడు. సంచికి పుండు పడ్డది, ఉంచుకుంటే క్యాన్సర్ అయితది, పిల్లల ఆపరేషన్ అయినంక ఇంక దాంతో నీకేం పని అన్నారు. రెండు మేకలు అమ్మారు, మిగతాది మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. పనికి అడ్డం పోతుందని ఆమెకు కూడా ఆశపుట్టింది. పత్తి ఏరే రోజుల్లో నెలసరి ఎంత తిప్పలో నాకేం తెలుసు? వారం తర్వాత కాగితాలు తెచ్చి చూపించింది. సంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆమెకు తెలియదు. అండాశయాలు పోతే యాభై ఏళ్లకు రావాల్సిన సెగలు, ఎముకల నొప్పులు ఇరవై తొమ్మిదికే వస్తాయి. ఇప్పుడు నెల నెలా నా దగ్గర క్యాల్షియం కొంటోంది. ఆ బేరం నాకు వద్దు.

ఆ కాగితాల్లో క్యాన్సర్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

ఇప్పుడు మెసేజ్ చెప్పేదాన్ని దీని పక్కన పెట్టండి. పిల్లల ఆపరేషన్‌లో గొట్టాలు మూస్తారు, సంచిని ముట్టుకోరు. దానివల్ల సంచి కుళ్లదు. మా దగ్గర ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే ఆ ఆపరేషన్ అయిపోతుంది కాబట్టి, తర్వాత ఇరవై ఏళ్లలో ఒంట్లో ఏది వచ్చినా దాని వల్లే అంటారు. తెల్లబట్ట కొంత మామూలే, నెల మధ్యలో తెల్లగా, సాగినట్టు వస్తుంది. వాసన, దురద, రంగు మారడం, పొత్తికడుపులో నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి సర్కారు దవాఖానల్లో రంగు కిట్లు ఉన్నాయి. మామూలు తెల్లబట్ట ఇన్ఫెక్షన్‌కు పచ్చ కిట్టు, పొత్తికడుపు నొప్పి కూడా ఉంటే పసుపు కిట్టు. జిల్లా దవాఖానలో సురక్ష క్లినిక్ అని విడిగా ఉంటుంది. మందు ఉచితం. ఏ కిట్టు ఇవ్వాలో చూసినవాళ్లు చెబుతారు, నేను కాదు.

లైంగికంగా అంటుకున్న ఇన్ఫెక్షన్ అయితే మొగుడు కూడా మింగాలి. కథ ఇక్కడే చెడుతుంది. ఆయన హైదరాబాద్‌లో ఆటో తోలుతుంటాడు, దసరాకు వస్తాడు. "నాకేం రోగం" అంటాడు. ఆమె ఒక్కతే వాడుతుంది, తగ్గుతుంది, దసరా తర్వాత మళ్లీ మొదలు. మూడోసారికి "మందులకు లొంగట్లేదు, తీసేయాల్సిందే" అని ఒకడు తేలుస్తాడు. ఆయన నాలుగు గోలీలు మింగనందుకు ఆమె గర్భసంచి పోతుంది. పంపినవాడికి కమీషన్ ముడుతుంది.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ నిజంగా ఉంది, ప్రాణం తీస్తుంది. అది ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ముప్పై దాటిన వాళ్లకు వెనిగర్ లాంటి ద్రావణం అద్ది చూసే పరీక్ష ఉంది, కొన్ని నిమిషాల పని. తేడా కనిపిస్తే తర్వాతి పరీక్షలు. భయపడితే ఆ తర్వాత భయపడాలి. దేశంలో గర్భసంచులు ఎక్కువగా తీసేస్తున్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. అనవసరంగా తీసేయడం మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. దండాల బొమ్మలు పెట్టి ఆడబిడ్డలను కాపాడుతున్న మహానుభావుడు వాళ్లను సరిగ్గా ఆ టేబుల్ మీదికే తోలుతున్నాడు. సూది వద్దు, కాపర్ టీ వద్దు, మొగుడి ఆపరేషన్ అసలే వద్దు. ఇక మిగిలింది ఏమిటి? కత్తి. ముందు గొట్టాలకు, తర్వాత సంచికి. ఇప్పటికే తెలంగాణలో పెళ్లయి 15-49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మంది పిల్లల ఆపరేషన్ అయినవాళ్లే.

నిజంగా భయపెట్టాలంటే రాయాల్సిన సంగతి ఒకటుంది, అది మాత్రం వాడు రాయలేదు. మేం హైదరాబాద్ పోయే బస్సు ఇబ్రహీంపట్నం మీదుగానే పోతుంది. అక్కడ 2022 ఆగస్టు 25న ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇలా క్యాంపులు పెట్టి చేయడం మూడేళ్లలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. కాబట్టి సర్కారు దవాఖాన అంటే ఆడవాళ్లకు ఉన్న భయం ఉత్త భ్రమ అని నేను అనను.

మిగిలింది ఆరో పాయింటు. మెడికల్ షాపుల్లో గర్భం పోయే గోలీలు పిప్పరమెంట్లలా అమ్ముతున్నారన్నది.

నిజం.

డాక్టర్ చూసి, తొమ్మిది వారాల లోపే అని, పిండం గొట్టంలో కాక సంచిలోనే ఉందని తేల్చుకున్నాక ఇవ్వాల్సిన కిట్టు అది. చీటీ లేకుండా అమ్మకూడదు. ఎనిమిదేళ్ల కింద ఒకాయన రాత్రి షట్టర్ దించే వేళకు వచ్చాడు. నెలన్నర అన్నాడు. ఇద్దరు పిల్లలు, మూడోది వద్దు, దవాఖానకు పోతే నలుగురికీ తెలుస్తుంది అన్నాడు. ఇచ్చాను. అది నెలన్నర కాదు, మూడు నెలలు దాటింది. నాలుగో రోజు ఆమెను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. బతికింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, తర్వాత మా షాపు ముందు నుంచి పోతూ తల కూడా తిప్పలేదు. అప్పటి నుంచి చీటీ లేకుండా ఆ కిట్టు ఇవ్వను. నేను ఇవ్వకపోతే ఇంకో షాపులో ఇస్తారని నాకు తెలుసు. దవాఖానలో చట్టప్రకారమే గర్భం తీయించుకోవచ్చని, గర్భనిరోధక సాధనం పనిచేయకపోవడం కూడా అందుకు ఒక కారణమేనని (2021 సవరణ తర్వాత ఇప్పుడు 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు, పెళ్లికాని వాళ్లకు కూడా వర్తిస్తుంది) ఆ రోజు ఆయనకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. డబ్బులు తీసుకుని కవర్‌లో పెట్టి ఇచ్చాను.

ఈ ఒక్క పాయింటు కోసమైతే బావమరిది ఆ మెసేజ్‌ని ఇంకో పది మందికి పంపుకోవచ్చు. మిగతా ఆరు తీసేసి పంపమన్నాను. ఇంకా జవాబివ్వలేదు, నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

ఒక చిన్న మాట. మగవాళ్లు నిరోధ్ కోసం వచ్చి, ముందు జండూబామ్ కొని, రోడ్డు వైపు రెండుసార్లు చూసి, ఆ తర్వాత అడుగుతారు. ఆడవాళ్లు నా మొహం చూసి అసలు అడగరు. అందుకే పోయిన ఏడాది నుంచి మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా కౌంటర్‌లో మా ఆవిడ కూర్చుంటోంది. ఆ టైంలో నేను వెనక గదిలో బిల్లులు రాసుకుంటాను.