పేక కట్టను ఏడో తరగతిలోకి రానివ్వండి

విశాఖలో బడికెళ్లే పిల్లలకు పేక ముక్కలు బహిరంగంగా రెండు చోట్ల కనిపిస్తాయి. ఒకటి, పత్రికల జిల్లా పేజీలో. ‘పేకాట శిబిరంపై దాడి’ అన్న వార్త కింద, పోలీసులు బల్ల మీద పరిచిన నోట్ల పక్కన. రెండోది, పదో తరగతి లెక్కల పుస్తకంలో, సంభావ్యత పాఠంలో. బాగా కలిపిన 52 ముక్కల కట్టలోంచి ఒకటి తీస్తే అది ఆసు అయ్యే అవకాశం ఎంత అని అక్కడ అడుగుతారు. అంటే అదే వస్తువు ఒక పేజీలో నేరానికి సాక్ష్యం, ఇంకో పేజీలో మార్కుల ప్రశ్న. ఈ రెంటికీ మధ్య ఒక్కసారైనా ఆ కట్టను క్లాసులో పిల్లల చేతికిచ్చి ‘లెక్కపెట్టు’ అనే మాస్టారు మాత్రం అరుదు.

దీనివల్ల నష్టపోయేదెవరో చూడండి. బొమ్మ ముక్క వచ్చే అవకాశం ఎంత అన్న ప్రశ్నకు జవాబు రాయాలంటే ముందు రాజు, రాణి, జాకీ కలిపి కట్టలో 12 ఉంటాయని తెలియాలి. సంక్రాంతికి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో దుప్పటి పరిచి రమ్మీ వేసే మావయ్య పక్కన కూర్చున్న కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పేక పేరెత్తితేనే గదమాయించే ఇంట్లో పెరిగిన ఆడపిల్లకు నల్ల గుర్తులైన ఇస్పేట్‌కీ కళావర్‌కీ తేడా తెలియదు. ఆ అమ్మాయి 52, 26, 13, 12, 4 అని ఎక్కంలా బట్టీ పడుతుంది. మార్కులు వస్తాయి, అది వేరే సంగతి. కానీ మనం పరీక్షించింది లెక్కనా, ఇంటి వాతావరణాన్నా?

నా వాదన ఒకటే. పేక కట్టను పదో తరగతి ప్రశ్నపత్రంలో బొమ్మలా కాకుండా ఏడో తరగతిలో వస్తువుగా చేతికివ్వాలి. అదీ ఆసు వచ్చే అవకాశం 13లో ఒకటి అని చెప్పించడానికి కాదు. నాణెం, పాచిక చూపించలేని ఒక సంగతిని పేక చూపిస్తుంది కాబట్టి.

నాణేనికి జ్ఞాపకం ఉండదు. ఐదుసార్లు వరసగా బొమ్మ పడ్డా ఆరోసారి దాని లెక్క సగం సగమే. పేక అలా కాదు, తీసిన ముక్కను మళ్లీ కట్టలో పెట్టామా, బయటే ఉంచామా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. వరసగా ఐదు నల్ల ముక్కలు వచ్చాయనుకోండి. ‘ఈసారి ఎర్రది రావాలి’ అంటాడు కుర్రాడు. తీసిన ముక్కను ప్రతిసారీ తిరిగి పెట్టి కలుపుతున్నట్టయితే ఆ మాట ఉత్త భ్రమ. ఎర్రది వచ్చే అవకాశం ఇప్పటికీ 52కి 26. తీసినవి బయటే ఉంటే మాత్రం వాడన్నదాంట్లో నిజం ఉంది. మిగిలిన 47 ముక్కల్లో ఎర్రవి 26 ఉన్నాయి, అంటే 55 శాతం పైనే. ఒకే మాట ఒక ఆటలో తప్పు, ఇంకో ఆటలో ఒప్పు. ఈ తేడా పట్టుబడితే సంభావ్యతలో సగం పాఠం అయిపోయినట్టే. పెద్దవాళ్లలో చాలామందికి ఇది పట్టుబడకే లాటరీ టికెట్లూ, ‘ఇన్నిసార్లు పోయింది, ఇక రాకుండా ఉంటుందా’ అన్న మొండి ఆశలూ.

క్లాసులో దీన్ని ఎలా నడపాలి? నలభై మంది పిల్లలుంటే నలుగురేసి పది జట్లు, జట్టుకో కట్ట. కలపడం, ఒక ముక్క తీయడం, ఆటిన్ (ఎర్ర హృదయం గుర్తు ముక్క, కట్టలో నాలుగో వంతు ఇవే) అయితే గీత పెట్టడం, తిరిగి పెట్టి మళ్లీ కలపడం. ఇలా ఇరవైసార్లు. లెక్క ప్రకారం జట్టుకు ఐదు ఆటిన్లు రావాలి. ఒక జట్టుకు రెండే వస్తాయి, ఇంకో జట్టు ఎనిమిదితో ఎగిరి గంతేస్తుంది. ఐదు రానివాళ్లు ‘తప్పు చేశామా సార్’ అని మొహం వేలాడేస్తారు. అప్పుడు పది జట్ల గీతలూ బోర్డు మీద కలపాలి. 200 సార్లలో ఆటిన్లు సాధారణంగా నలభైకీ అరవైకీ మధ్య తేలతాయి. విడివిడిగా అంత ఎగుడుదిగుడుగా ఉన్నవి కలిపితే ఇలా సర్దుకుంటాయేమిటన్న ఆశ్చర్యం పిల్లలకు చేతుల్లోంచి రావాలి. పుస్తకంలో ఒక వాక్యంగా చదివితే రాదు.

అయితే నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆటకు మొత్తం కట్ట అక్కర్లేదు, నాలుగు ముక్కలు చాలు. రెండు ఎర్రవి, రెండు నల్లవి. బోర్లా పెట్టి కలిపి, రెండు తీయాలి. రెండూ ఒకే రంగైతే పిల్లాడు గెలిచినట్టు, వేర్వేరు రంగులైతే మాస్టారు గెలిచినట్టు. ఇది న్యాయమైన ఆటేనా అని ముందే అడగాలి. క్లాసంతా ఒక్క గొంతుతో ‘న్యాయమే, సగం సగం’ అంటుంది. రెండూ రెండూ సమానంగా ఉన్నాయిగా మరి! ముప్పైసార్లు ఆడించండి, మాస్టారు ఇరవై దాకా గెలుస్తారు. మాస్టారు ఏదో మోసం చేస్తున్నారన్న గుసగుస మొదలవుతుంది. ఆ గుసగుస రావాలి, దాన్ని ఆపకూడదు. కాసేపటికి ఎవరో ఒకరు కనిపెడతారు. మొదట ఎర్రది తీశామనుకుంటే మిగిలినవి మూడు. వాటిలో ఎర్రది ఒకటే, నల్లవి రెండు. కాబట్టి ఒకే రంగు వచ్చే అవకాశం మూడింట ఒకటి.

అక్కడితో ఆపేస్తే సగమే. ‘సరే, నాలుగు ముక్కలతోనే ఇది న్యాయమైన ఆట కావాలంటే ఏం చెయ్యాలి?’ అని వదిలేయాలి. జవాబు మూడు ఎర్రవి, ఒక నల్లది. చూడగానే ఒంటి వాటంగా అనిపించే ఈ పంపకమే సమానమైనది. నాలుగు ముక్కల్లోంచి రెండు తీసే జతలు ఆరు. వాటిలో మూడింట్లో నల్లది ఉంటుంది, మూడింట్లో ఉండదు. పన్నెండేళ్ల పిల్ల ఆ ఆరు జతలనూ నోట్‌బుక్‌లో రాసుకుని చూడగలదు. సూత్రం అక్కర్లేదు, ఫ్యాక్టోరియల్ అసలే అక్కర్లేదు. కంటికి సమానంగా కనిపించేది లెక్కలో సమానం కాకపోవచ్చని ఆ వయసులో తెలియడం చిన్న విషయమా?

ఇక అసలు చిక్కు దగ్గరికొద్దాం. ఇవన్నీ విని హెడ్మాస్టరు అనే మొదటి మాట, ‘బాగానే ఉంది గానీ, పేరెంట్స్ వచ్చి పిల్లలకు పేకాట నేర్పుతున్నారా అంటే నేనేం చెప్పను?’ ఆయన టెన్షన్ ఉత్తది కాదు. ఎవరో కిటికీలోంచి ఒక ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు, సాయంత్రానికి మాస్టారు సంజాయిషీ రాసుకోవాలి. పేకాటలో పొలాలూ పుస్తెలూ పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టూ నిజంగానే ఉన్నాయి. ఆ భయాన్ని ఛాదస్తమని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

కొందరు టీచర్లు చెప్పే మధ్యేమార్గం పాత శుభలేఖలు. అట్టల్ని ఒకే కొలతలో కత్తిరించి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో ఒకటి నుంచి పదమూడు వరకు రాయించడం. ఆరో తరగతికి ఇది భేషైన పని. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఏ ఇంట్లో చూసినా గుట్ట ఉంటుంది. ఇందులో ఒక దొంగ లాభం కూడా ఉంది. చేత్తో చేసిన ముక్కలు వెనక్కి తిప్పినా గుర్తుపట్టేస్తారు. ఒకదాని మూల మడతపడి ఉంటుంది, ఒకదాని మీద వినాయకుడి తొండం సగం కనిపిస్తుంది. అన్ని ముక్కలకూ సమాన అవకాశం అన్న షరతు ఎక్కడ దెబ్బతింటుందో పిల్లలే దొరకబుచ్చుకుంటారు. కానీ ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి అసలు పేకే కావాలంటాను. పదిలో బొమ్మ ముక్కల గురించి అడగబోతూ అప్పటిదాకా దాచిపెట్టడం దొంగాట.

అసలు ఈ శాస్త్రమే జూదం ఇంట్లో పుట్టింది. మధ్యలో ఆగిపోయిన జూదంలో పందెం సొమ్మును ఎలా పంచాలన్న తగవు మీద 1654లో పాస్కల్, ఫెర్మా రాసుకున్న ఉత్తరాలతో ఆధునిక సంభావ్యత మొదలైందంటారు. మన దగ్గర ఇంకా పాత కథ ఉంది. అరణ్యపర్వంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడికి రథం తోలుతుంటాడు. దారిలో ఒక తానిచెట్టును చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో రాజు రథంలోంచే చెప్పేస్తాడు. నలుడు నమ్మడు, ఆగి లెక్కపెట్టి చూస్తాడు, సరిపోతుంది. ఆ రాజు దగ్గరే అక్షహృదయం, అంటే పాచికల గుట్టు తెలిపే విద్య, నేర్చుకుంటాడు. జూదంలో చితికిపోయినవాడికి వ్యాసుడు ఇప్పించిన మందు నీతిబోధ కాదు, లెక్క. సి.ఆర్.రావు గణితం చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే, ఆ తర్వాతే కలకత్తా వెళ్లి గణాంక శాస్త్రంలో ప్రపంచానికి పెద్దయ్యారు. ఈ ఊళ్లో అవకాశాల లెక్క పరాయి విద్యేమీ కాదు.

జూదం సంగతి కూడా క్లాసులోనే తేల్చేయొచ్చు, చింతపిక్కలతో. ‘ముక్క తియ్యి. బొమ్మ వస్తే మూడు పిక్కలిస్తా, రాకపోతే నువ్వు నాకు ఒకటియ్యి’ అనాలి మాస్టారు. ఒకటికి మూడు! పిల్లలు ఎగబడతారు. ఇక్కడ ఒక్కొక్కరినీ పిలిచి ఆడించకుండా కట్ట మొత్తం క్లాసుకు పంచేయాలి. తలా ఒకటి, మిగిలినవి ముందు బెంచీల వాళ్లకు రెండోది. ప్రతి ముక్కా ఒక ఆట. బొమ్మలు వచ్చింది 12 ముక్కలకు, మాస్టారు 36 పిక్కలు ఇచ్చారు. మిగిలిన 40 ముక్కలకు 40 పిక్కలు పుచ్చుకున్నారు. లాభం నాలుగు. మళ్లీ కలిపి పంచండి, గెలిచే పిల్లలు మారతారు గానీ మాస్టారి లాభం మళ్లీ నాలుగే. ఎన్నిసార్లు కలిపినా, ఎవరు పంచినా నాలుగే. ఇందులో అదృష్టం ఎక్కడుందో వెతకమనండి.

ఆ తర్వాత తిరిగి పెట్టే పద్ధతిలో ఆడిస్తే ఒకరిద్దరు పిల్లలు జేబు నిండా పిక్కలతో లేస్తారు. రమ్మీ యాప్ అడ్వర్టైజ్‌మెంట్లలో చెక్కు పట్టుకుని నవ్వేది వాళ్లే. మిగతావాళ్ల ఫోటోలు ఎవరూ వెయ్యరు.

రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ 2025 ఆగస్టులో పార్లమెంటు అడ్డుకట్ట వేసింది. మంచిదే. కానీ చట్టం యాప్‌ను మూయించగలదు గానీ ‘ఒకటికి మూడు’ అన్న మాట వినగానే వేళ్లు మడిచి లెక్కవేసే అలవాటును ఇవ్వలేదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే మన రాష్ట్రం కేసులో చెప్పింది. ఆ నైపుణ్యంలో లెక్క ఎంతుందో మావయ్యలను అడగండి. చేతిలో ఇస్పేట్ ఐదు, ఆరు ఉంటే మూడు ముక్కల వరస కలపడానికి ఇస్పేట్ నాలుగైనా ఏడైనా పనికొస్తుంది. రెండు కట్టల ఆటలో అలాంటివి నాలుగు ముక్కలు. ఐదు, ఏడు పట్టుకుని కూర్చుంటే మధ్య ముక్క ఆరే రావాలి, అవి రెండే. సంభావ్యత అన్న పేరు విననివాళ్లు కూడా ఈ లెక్క రెప్పపాటులో వేస్తారు. డబ్బు తీసేసి ఆ లెక్కను మాత్రం బడి తీసుకోవచ్చు.

విశాఖ పిల్లలకు దీని అవసరం ఇంకోటి ఉంది. తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్న ఊరిది, హుద్‌హుద్‌ను 2014 అక్టోబరు 12న ఒంటి మీద భరించిన ఊరు. పెద జాలరిపేటలో వలలు సర్దాలా వద్దా అన్నది ఒక అంచనా మీద నడుస్తుంది. వాన పడే అవకాశం 75 శాతం అన్నారు, పడలేదు. ‘వీళ్లవన్నీ ఉత్తుత్తివే’ అని తేల్చేస్తాం. 75 శాతం అంటే కట్టలోంచి ఆటిన్ కాని ముక్క రావడం. నాలుగింట ఒకసారి ఆటిన్ వస్తుంది, వచ్చినంత మాత్రాన చెప్పినవాడు అబద్ధమాడినట్టు కాదు. ఇరవైసార్లు ముక్క తీసి గీతలు పెట్టిన పిల్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా వాతావరణ శాఖ ‘ఒకటి రెండు చోట్ల’ అన్నప్పుడు అది అవకాశం మాటే కాదు, ఆ ప్రాంతంలోని పాతిక శాతానికి మించని కేంద్రాల్లో వాన పడుతుందని అర్థం. ఈ రెండింటినీ కలగలిపి వినే పెద్దలే ఎక్కువ.

ఖర్చు గురించి ఎవరైనా మాట్లాడితే నవ్వొస్తుంది. కట్ట వంద రూపాయల లోపే. అడ్డుపడేది మాస్టారి ఒంటరితనం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఈ ఆటల్ని ఒక పూట టీచర్ల చేతే ఆడించి, ‘లెక్కల బోధనకు పేక ముక్కలు వాడొచ్చు, పందెం లేకుండా’ అని జిల్లా విద్యాశాఖ ఒక్క కాగితం ఇస్తే సగం భయం పోతుంది. మిగిలిన సగం తల్లిదండ్రులది. మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు కదా, ఆ రోజు ఉపన్యాసం ఒకటి తగ్గించి రెండు ఎర్రవి, రెండు నల్లవి వాళ్ల చేతికే ఇవ్వండి. ‘సగం సగం’ అన్న జవాబు వాళ్ల నుంచీ అంతే ధీమాగా వస్తుంది. తప్పెక్కడుందో పక్కన కూర్చున్న ఏడో తరగతి పిల్లే చెప్తుంది.