షాఫ్టు వైపు తెరుచుకునే కిటికీ గారికి

మహారాజశ్రీ వెనక పడగ్గది కిటికీ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం, మేం దగ్గు.

గోడకి నల్లగా బూజెందుకు పడుతోందో చూడమంటే, మధ్యాహ్నమంతా కాచుకోబెట్టి వచ్చిన పెద్దమనిషి గోడ మీద వేలు రాసి, "గాలాడట్లేదండీ, కిటికీ తీసి పెట్టుకోండి" అని సెలవిచ్చి వెళ్లాడు. తీశాను. కిందింటి మాడు వాసనా, పైవాళ్ల బాత్‌రూమ్ ఆవిరీ కలిసికట్టుగా విచ్చేశాయి.

కాగితం మీద తమరికి వంక పెట్టలేం. గది వైశాల్యంలో ఇంత వంతు కిటికీ ఉండాలన్నారు, ఉన్నారు. స్లైడింగ్ అద్దాలు గనక ఎంత లాగినా సగమే తెరుచుకుంటారు, ఆ సగానికీ దోమతెర. పోనీలెండి, సర్దుకుంటాం.

సర్దుకోలేనిది తమరి అవతలి సంగతి, అదే, అపార్టుమెంటులో గాలి కోసం కింది నుంచి పైదాకా వదిలిన ఆ నిలువు ఖాళీ, షాఫ్టు సంగతి. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది. షాఫ్టు ఉన్నదే అందుకు. మోటారక్కర్లేదు, కరెంటక్కర్లేదు. అలాంటిదానికి వాన పడుతోందనీ పావురాలు దూరుతున్నాయనీ పైన రేకు కప్పించారు! ఆపైన ఏసీల అవుట్‌డోర్ యూనిట్లన్నీ అందులోకే వేడి ఊదుతున్నాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ అందులోకే. ఒకరింటి గాలి ఇంకొకరికి వడ్డన.

"ఏసీ ఉందిగా, కిటికీతో పనేంటండీ" అంటారు మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి గారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు స్వామీ, మనం వదిలినదాన్నే చల్లార్చి మనకే పెడుతుంది. గదిలో కార్బన్ డయాక్సైడ్ వెయ్యింట ఒక వంతు, అంటే 1000 పీపీఎం, దాటితే అది మంచి గాలి కాదని జర్మనీలో పెట్టెన్‌కోఫర్ అనే ఆరోగ్యశాస్త్రవేత్త 1858లోనే తేల్చాడు. తలుపులు బిగించి ఇద్దరు పడుకుంటే తెల్లారేలోగా ఆ గీత దాటడం పెద్ద విశేషం కాదు.

మీటింగులో రేకు మాటెత్తితే ఒకటే పాట: "ప్లానులో వెంటిలేషన్ చూపించాం కదండీ." చూపించారు! ప్లాను పీలుస్తుందా గాలి? పీల్చేది మేం! పావురాలొద్దంటే వల కట్టించలేరా? వానొద్దంటే ఆ రేకే పక్కల ఖాళీ వదిలి కాస్త ఎత్తులో వేయించలేరా? ఆ బుర్రలకీ ఎవడో మూత బిగించినట్టున్నాడు.

నిన్నని ఏం లాభంలే. నిన్ను గోడలో నిలబెట్టి ముక్కు మూసినవాళ్లు వేరే. ఆదివారం నిచ్చెన తెస్తున్నాను. రేకు బోల్టులు ఎలాగూ తుప్పుపట్టాయి. అందాకా మూసుకునే ఉండు.

ఇట్లు,
లోపలివాడు