ఎక్స్‌రే తీస్తే అంటుకుంటదట!

మా నల్లగొండలో రేడియేషన్ గురించి తెలియనిది డాక్టర్లకేనేమో, మిగతా అందరికీ తెలుసు! మా మేనత్తకు చెయ్యి విరిగి ఎక్స్‌రే తీయిస్తే, "ఒంట్ల రేడియేషన్ ఉండిపోతది, పిల్లల్ని ముట్టుకోకు" అని పక్కింటావిడ హెచ్చరిక. అంతే, అత్తమ్మ మనవణ్ణి ఎత్తుకోవడం మానేసింది. లైటు ఆర్పితే గదిలో వెలుగు మిగలనట్టే, మిషన్ ఆపితే ఎక్స్‌రే కూడా ఆగిపోతుందమ్మా అంటే నన్నే వింతగా చూస్తారు. ఛాతీ ఎక్స్‌రేకే డోసు సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే లెక్క), చేతికి ఇంకా తక్కువ. నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ ఎలాగూ అందుతూనే ఉంటుంది. గ్రానైట్‌లోనూ కాస్తంత యురేనియం, థోరియం ఉంటాయి. ఆ గ్రానైట్ బండ మీదే కూరగాయలు తరుగుతూ ఇలాంటి భయాలను ఫోన్లలో ఫార్వర్డు చేస్తారు!

అసలు ఒళ్లు మండేది ఇక్కడ. మా జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టులో తవ్వాలనుకున్న యురేనియం గనుల మాట వస్తే అడగాల్సిన ప్రశ్న ఉంది: పక్కనే నాగార్జునసాగర్ జలాశయం ఉంది కదా, వ్యర్థాలు ఎక్కడ పోస్తారు, నీళ్లలో కలవకుండా ఏం చేస్తారు? అది వదిలేసి "తవ్వితే హిరోషిమా లెక్క పేలుతది" అంటారు. ఖనిజం బాంబులా పేలదు మహాప్రభో! ఈ పుకార్ల వల్ల సరైన ప్రశ్న అడిగేవాళ్లు కూడా నవ్వులపాలవుతున్నారు.