ల్యాప్‌టాప్ గేమింగ్: ఫ్రేములకు పగ్గం ఎందుకు వేయాలి

"రాత్రి పది దాటితే బాగానే ఆడుతంది మావయ్యా, మధ్యాహ్నమైతేనే ఏటో అయిపోతంది" అని విజయనగరంలో మా అక్క కొడుకు మే నెల ఎండల్లో చెప్పిన మాటలో సమస్యకు మూలం ఉంది. నేను పక్కన కూర్చుని చూశాను. ఆట మొదలైన పది నిమిషాల దాకా తెర మూలన ఎఫ్‌పీఎస్ అంకె, అంటే సెకనుకు యంత్రం గీసే బొమ్మల (ఫ్రేముల) సంఖ్య, 90 దగ్గర కదలాడింది. ఆ తరవాత ఫ్యాన్ల హోరు పెరిగింది, అంకె 55కు పడింది, 80కి లేచింది, మళ్లీ పడింది. కారు మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఎవరో పట్టుకున్నట్టు ఒక్క క్షణం ఆగేది. ల్యాప్‌టాప్ పరుపు మీద ఉంది. అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలు సగం దుప్పటిలో కూరుకుపోయాయి.

గదిలోని గాలికీ చిప్‌కూ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాయే ల్యాప్‌టాప్‌ను చల్లబరుస్తుంది కాబట్టి, గది 10 డిగ్రీలు వేడెక్కితే లోపలి చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. ప్రాసెసరూ గ్రాఫిక్స్ చిప్పూ చాలా మోడళ్లలో ఒకే రాగి గొట్టాల ద్వారా వేడిని బయటికి పంపుతాయి గనుక ఒకటి కాగితే రెండోదీ కాగుతుంది. ప్రాసెసర్ 95 నుంచి 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, కాస్త చల్లబడగానే మళ్లీ పెంచుకుంటుంది. కంటికి ఇబ్బంది కలిగించేది ఈ ఊగిసలాటే. మన కోస్తా ఉక్కపోత మనుషులను ఉడికించినంతగా చిప్‌ను బాధించదు, దానికి చెమట పట్టదు కదా. గాలి వేడి, లోపల వేడిని గాలికి వదిలే రేకుల మధ్య పేరుకున్న దుమ్ము మాత్రం దాన్ని నిజంగానే దెబ్బతీస్తాయి.

అందుకే యంత్రం ఎంత ఇవ్వగలదో అంతా పిండుకోకుండా, మధ్యాహ్నం వేడిలో కూడా గంటసేపు నిలబెట్టగల అంకె దగ్గర దాన్ని కట్టేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. ఈ రెండింటికీ నడిమధ్య ఉన్న 25 మిల్లీసెకన్లు 45 ఫ్రేముల దగ్గర కాదు, 40 దగ్గరే వస్తాయి. బరువైన ఆటల్లో 40 కూడా 30 కంటే ఎంతో నునుపుగా అనిపించడానికి కారణం ఇదే. పైగా చిప్ వేగం తగ్గితే దానికి కావలసిన వోల్టేజీ కూడా తగ్గుతుంది, విద్యుత్ ఖర్చు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది. కాబట్టి ఫ్రేముల్లో అయిదో వంతు వదులుకుంటే వేడిలో అంతకంటే ఎక్కువే తగ్గే అవకాశం ఉంది.

అయితే ఏ అంకె? చాలామంది ఆలోచించకుండా 60 పెట్టేస్తారు. మావాడి తెర 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 144 విడతలు బొమ్మను కొత్తగా చూపిస్తుంది. 144ను 60తో భాగిస్తే 2.4 వస్తుంది, అంటే కొన్ని ఫ్రేములు తెర మీద రెండు విడతలు, కొన్ని మూడు విడతలు నిలుస్తాయి, అంకె కదలకపోయినా బొమ్మ కుదుపుతుంది. 72 పెడితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండు విడతలు, 48 పెడితే మూడు విడతలు నిలుస్తుంది. తప్పనిసరిగా 60 కావాలంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో తెరనే 120కో 60కో మార్చుకోవాలి. ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెరే మారే జీ-సింక్, ఫ్రీసింక్ ఉన్నవారికి ఈ లెక్క అవసరం లేదు, కానీ అవి అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఉండవు. మేము 48 పెట్టి, ఫ్రేములను తెర విడతలతో జత కలిపే వీ-సింక్ ఆన్ చేశాం, ల్యాప్‌టాప్‌ను పరుపు మీంచి తీసి చదువుకునే బల్ల మీద పెట్టాం. మలుపుల దగ్గర ఆగడం పోయింది, ఫ్యాన్ల హోరు పక్క గదిలోకి వినిపించనంతగా తగ్గింది.

పరిమితిని ముందు ఆటలోని సెట్టింగుల్లోనే వెతకాలి. అక్కడ లేకపోతే, ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్ ఉన్నవారికి ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 2020 జనవరి నుంచి మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అనే అమరిక ఉంది.

వాలరెంట్ వంటి పోటీ ఆటలు ఆడేవారి అభ్యంతరం సబబైనదే. ఫ్రేములు పెరిగేకొద్దీ మౌస్ నొక్కినదానికీ తెర మీద కనిపించేదానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. అది తేలికైన ఆట కాబట్టి 144 దాకా వెళ్లనివ్వవచ్చు. అయితే అరగంట తరవాత వేడికి అంకె కుప్పకూలే యంత్రంలో, గురి అలవాటైన చేతికి ఆ మార్పే ఎక్కువ నష్టం చేస్తుంది.

కరెంటు పోయినప్పుడు సంగతి వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత రోజుల తరబడి చీకట్లో గడిపిన శ్రీకాకుళం జిల్లా పల్లెల వారికి ఇన్వర్టర్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. 200 వాట్లు లాగే గేమింగ్ ల్యాప్‌టాప్ దాదాపు మూడు సీలింగ్ ఫ్యాన్లతో సమానం. బ్యాటరీ మీద ఆడదామన్నా, 100 వాట్-అవర్లు మించని బ్యాటరీ అంత వేగంతో అరగంట దాటడమే కష్టం కాబట్టి యంత్రమే శక్తిని కోసేస్తుంది. అప్పుడు 30 దగ్గర ఆపుకోవడమే సరైనది, ఇంట్లోవాళ్ల ఫ్యాన్లు తిరగాలంటే మరీను.

నాకు బాధ కలిగించేది దుకాణాల తీరు. ఏసీ గదిలో రెండు నిమిషాలు ఆడించి చూపిన అంకెను నమ్మి తల్లిదండ్రులు వాయిదాల మీద కొంటున్నారు. ఒకే ఆర్‌టీఎక్స్ 4060 పేరుతో వచ్చే ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌కు 35 నుంచి 115 వాట్ల దాకా ఏ పరిమితైనా ఉండవచ్చు, ఆటలో ఆ తేడా చాలా పెద్దది. కొనబోయే మోడల్‌కు ఎన్ని వాట్లు ఇచ్చారో డబ్బు కట్టకముందే అడగాలి, వీలైతే అరగంట ఆడించి అప్పుడు అంకె చూడాలి.