పక్కనే ఉండి ఆఫ్‌లైన్ అంటావేంటి స్వామీ!

మా పాత లేజర్ ప్రింటరు గారికి,

నీ ఆరోగ్యం మీద నాకేం అనుమానం లేదు. బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు, మోడల్ నంబరు, ఇప్పటిదాకా కొట్టిన పేజీల లెక్క, ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో నీ ఇంటి నంబరు), ఇలా నీ జాతకమంతా ఒక్క గీత పడకుండా నీట్‌గా కొట్టేసుకుంటావు. మావాడి హాల్ టికెట్ ఇస్తే మాత్రం ఆఫ్‌లైన్. పచ్చ లైటు వెలుగుతోంది, నా మోచేతికి తగులుతున్నావు, ఇంకెంత దగ్గరికి రావాలయ్యా?

కరెంటు పోయి వస్తే రౌటర్ నీకు కొత్త ఐపీ ఇస్తుందనీ, కంప్యూటరేమో పాత అడ్రసుకే వెళ్లి తలుపు కొడుతుందనీ తెలిసి, నీ పేరిట ఒక అడ్రసు రిజర్వ్ కూడా చేశాను. 5 గిగాహెర్ట్జ్ వైఫై నీ కంటికి ఆనదు, 2.4 కావాలన్నావు, అదీ ఇచ్చాను. విసుగొచ్చి యూఎస్‌బీ వైరు పెడితే, ఎప్పుడూ పెట్టే పోర్టులో కాకుండా పక్కదాంట్లో పెట్టిన పాపానికి 'కాపీ 1' అని ఇంకో అవతారం ఎత్తావు. నేను పంపినవన్నీ పాత అవతారం క్యూలో ఇరుక్కున్నాయి. డిలీట్ కొడితే 'డిలీటింగ్' అంటుంది, అలా అంటూనే ఉంటుంది. విండోస్ సర్వీసెస్‌లో, ప్రింట్ పనుల్ని క్యూలో నిలబెట్టే ప్రింట్ స్పూలర్ ఆపి, సిస్టమ్32 కింద స్పూల్‌లో ఉన్న ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే గానీ కదల్లేదు. (అమీర్‌పేట ట్రాఫిక్‌కి కూడా ఇలాంటి ఫోల్డర్ ఒకటుంటే బాగుండు.)

ఇక డ్రైవర్, అదే కంప్యూటర్ మాటలు నీకు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ ప్రోగ్రాం. నీది 32 బిట్, మా కంప్యూటర్లోని విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో, రెంటికీ పొసగదు. జెనరిక్ డ్రైవర్ వేద్దామంటే పీసీఎల్ లాంటి ప్రింటర్ల భాషలేవీ నీకు రావు, పేజీ లెక్కంతా కంప్యూటరే వేసి నీ నోట్లో పెట్టాలి, చవకలో కొన్నందుకు అదీ ఫలితం. నిన్ను కన్నవాళ్ల సైటేమో విండోస్ 7 దగ్గరే ఆగిపోయింది. విండోస్ అప్‌డేట్‌లో దొరుకుతుందేమో అనుకుంటే, కంపెనీల ప్రింటర్ డ్రైవర్లు అందులో ఇవ్వడం క్రమంగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే చెప్పేసింది.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి మోసుకెళ్లి చూపిస్తే, ఆ కుర్రాడు మూత తీసి, డ్రమ్ము చూసి, "మెషీన్ మస్తుంది సార్, కంప్యూటరే మార్చేయండి" అన్నాడు.

అందుకే అటక మీది విండోస్ 7 లాప్‌టాప్ దించుతున్నాను, నీ ఒక్కడి కోసం. దానికి 2020 జనవరిలోనే సపోర్ట్ పోయింది కాబట్టి నెట్ ఇవ్వను, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే వస్తాయి. వైరు ఏ పోర్టులో పెట్టాలో ముందే చెప్పు, స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టుకుంటాను.

ఇట్లు,
నీకు కరెంటు బిల్లు కట్టేవాడు