మొదటిసారి ఫిట్స్: ఈసీజీ మాటేది?
టీనేజర్‌కి కారణం తెలియకుండా మొదటిసారి ఫిట్స్ వస్తే ఏం చేయాలో మీరు వేసిన వ్యాసంలో బాగానే చెప్పారు: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్. కానీ ఈసీజీ (గుండె లయ చూసే పరీక్ష) ఊసే లేదు. గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందకపోయినా ఫిట్స్‌లాగే కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. ముఖ్యంగా ఆడుతూనో పరిగెడుతూనో పడిపోయినవాళ్లని ఈసీజీ తీయకుండా ఇంటికి పంపకూడదు. రక్తంలో షుగర్, సోడియం పరీక్షలు సరేసరి.

ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) నార్మల్ వచ్చిందని మూర్ఛ కాదనుకోవద్దు. నిద్ర తగ్గించి మళ్లీ తీస్తే బయటపడొచ్చు. ఇంకోటి, చాలామంది అడగనిది: పొద్దున లేవగానే చేతులు ఒక్కసారిగా అదిరి బ్రష్షో కప్పో జారిపోతోందా? అయితే డాక్టర్‌కి తప్పక చెప్పండి. అది ఒక రకం మూర్ఛకి గుర్తు కావొచ్చు; దానికి కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు ఇస్తే కుదుపులు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. డాక్టర్ కారణం తేల్చేదాకా ఒంటరిగా ఈత వద్దు, బాత్‌రూమ్‌కి గడియ వేసుకోనివ్వొద్దు.