తొంభై రోజుల తర్వాత ఎవరు చూస్తారు?

2004 జనవరిలో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు (చక్రాల మీద తిరిగే రోబో బండ్లు) 90 రోజులు పనిచేస్తే చాలనుకున్నారు. స్పిరిట్ ఆరేళ్ళు దాటింది. ఆపర్చునిటీ అయితే 2018 జూన్‌లో గ్రహమంతా కమ్మేసిన దుమ్ము తుఫాను వచ్చేదాకా, అంటే పద్నాలుగేళ్ళకు పైగా పనిచేసి, 45 కిలోమీటర్లు తిరిగింది. ఇది వినగానే చాలామంది "ఎంత గట్టిగా తయారుచేశారో!" అంటారు. గట్టిగానే చేశారు, కాదనను. కానీ అవి అంతకాలం నడవడానికి అసలు కారణం, రోజూ వాటి బాగోగులు చూసుకున్న మనుషులు. హైదరాబాద్ బడులకు విదేశంలో ఉన్న మన సంఘం ఇచ్చే విరాళాల గురించి రాస్తూ రోవర్ల ప్రస్తావన తేవడం అందుకే.

దిగి మూడు వారాలు నిండకముందే స్పిరిట్‌కు మెమరీ సమస్య వచ్చి పదే పదే రీబూట్ అవడం మొదలైంది. ఇంజనీర్లు భూమి మీద నుంచే దాన్ని బాగుచేశారు. 2006లో ముందు కుడి చక్రం ఆగిపోయింది. అక్కడితో వదిలేయకుండా, ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ బండిని వెనక్కి నడిపించారు. మరుసటి ఏడాది ఆ చక్రం గీసిన చాలులోనే తెల్లటి మట్టి బయటపడింది. అందులో దాదాపు 90 శాతం సిలికా! ఒకప్పుడు అక్కడ వేడి నీటి బుగ్గలో, ఆవిరి గుంతలో ఉండేవనడానికి అది గట్టి ఆధారం. చక్రం పాడైన రోజునే చాలించుకుని ఉంటే ఆ మట్టి ఎవరి కంటా పడేది కాదు.

2012లో దిగిన క్యూరియాసిటీది కూడా ఇలాంటి కథే. 2016 డిసెంబరులో దాని డ్రిల్లు మొరాయించింది. ఇంజనీర్లు అలాంటి రోవర్‌నే భూమి మీద పెట్టుకుని నెలల తరబడి ప్రయోగాలు చేసి, రోవర్ రోబో చేతితోనే డ్రిల్లును రాతిలోకి నొక్కే కొత్త పద్ధతి కనిపెట్టారు. 2018 మే నెలలో మళ్ళీ రాయి తొలిచారు.

అదృష్టం కూడా కొంత కలిసొచ్చింది. స్పిరిట్, ఆపర్చునిటీల సోలార్ పలకల మీద పేరుకున్న దుమ్మును అక్కడి గాలులే అప్పుడప్పుడు ఊడ్చేశాయి. ఇక ఇంతకాలం నడిపే టీమ్‌కు జీతాలివ్వాలి కదా! 2008లో ఈ రెండు రోవర్ల ఖర్చు తగ్గించమని ఆదేశం వచ్చింది. నాసా వెంటనే దాన్ని వెనక్కి తీసుకుంది. మన మంగళయాన్ కూడా ఆరు నెలల కోసం వెళ్ళి దాదాపు ఎనిమిదేళ్ళు ఉందంటే, అన్నేళ్ళూ ఇక్కడ దాని సిగ్నల్ వినేవాళ్ళు ఉండబట్టే.

కిందటిసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ దగ్గర ఒక సర్కారు బడి చూశాను. బెంగళూరు దగ్గర బైలాలులో చంద్రయాన్-1 కోసం నిలబెట్టిన 32 మీటర్ల యాంటెనా తయారుచేసింది ఈ ఈసీఐఎల్ వాళ్ళే. ఆ బడిలో చదివే ఒకమ్మాయి వాళ్ళ తాత ఆ ఫ్యాక్టరీలోనే రిటైరయ్యాడట. ఎంతో గర్వంగా చెప్పింది. అదే బడిలో, విదేశాల్లో ఉన్న మనవాళ్ళెవరో ఇచ్చిన రోబోటిక్స్ ల్యాబ్‌కు తాళం వేసి ఉంది. బ్యాటరీలు ఉబ్బిపోయాయి, మోటార్లు తిరగడం లేదు. సైన్స్ సార్ చెప్పిన మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. "కొత్త ల్యాబ్ అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు సార్, బ్యాటరీలు అడిగితే ఎవరూ లేరు."

దాతలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కష్టపడి సంపాదించిన డబ్బు ఇచ్చినవాళ్ళు శిలాఫలకం మీద పేరు చూసుకోవాలనుకోవడం సహజం. బ్యాటరీలు కొనిచ్చినందుకు ఎవరూ శిలాఫలకం వేయరు, ఫొటో తీయరు. అందుకే ఈ పని ఒక్కో దాతకు వదిలేస్తే జరగదు. సంఘమే పూనుకోవాలి.

బడులకిచ్చే ప్రతి విరాళంలో మూడో వంతు, అయిదేళ్ళ నిర్వహణకు విడిగా పెడదాం. పది బడులకు కలిపి ఒక టెక్నీషియన్‌ను జీతమిచ్చి పెట్టుకుందాం. మనలో ఇంజనీర్లకు కొదవ లేదు. వారానికి ఒకరు ఆ టీచర్లతో వీడియో కాల్‌లో కూర్చుంటే సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి. టైమ్ కుదరదని అనకండి. అంగారకుడి రోజు మనదానికంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. మొదటి నెలల్లో ఆ రోవర్ల టీమ్ రోజూ 40 నిమిషాలు ఆలస్యంగా డ్యూటీ మొదలుపెడుతూ, పగలూ రాత్రీ తారుమారైనా ఆ గడియారం ప్రకారమే పనిచేసింది. హైదరాబాద్ టైమ్‌కు వారానికొక గంట సర్దుకోలేమా?

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. బలపరచడానికి ఇంకొక సభ్యుడు కావాలి. లెక్కలు ఇంకా బాగా వేయగలిగినవాళ్ళు సమావేశానికి ముందే నాతో మాట్లాడండి. మూడో వంతు చాలదని మీ లెక్కలో తేలితే సగానికి మార్చి పెడతాను.